నవ్వించే మనిషిని సినిమాగా చూడటం



ఈ రోజు ఒక సినిమా గురించి, దాన్ని విమర్శకులు ఎలా అందుకున్నారన్న సంగతి గురించి మాట్లాడుకుందాం. ఆ సినిమాలో కథ లేదు. పాటలు లేవు. హీరోయిన్ లేదు, విలన్ లేడు. ఎర్ర చొక్కా, నల్ల ప్యాంటు వేసుకున్న ఒక నల్లజాతి మనిషి వేదిక మీదికి వచ్చి మైకు అందుకుంటాడు. 78 నిమిషాల సినిమా అంతా అతని మాటలే. అవి అయిపోగానే సినిమా అయిపోతుంది. దాని పేరు 'రిచర్డ్ ప్రయర్: లైవ్ ఇన్ కాన్సర్ట్'. 1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ ఊళ్లో, టెరస్ థియేటర్ అనే హాల్లో చిత్రీకరించారు. 1979 మొదట్లో అమెరికా థియేటర్లలో విడుదల చేశారు.

మన పత్రికల్లో సినిమా సమీక్షకు ఒక అచ్చు ఉంది. ముందు కథ చెబుతారు, తరవాత ఎవరెలా నటించారో, ఆ తరవాత సంగీతం, ఛాయాగ్రహణం, కూర్పు. చివర మార్కులు. అమెరికన్ పత్రికల అచ్చు కూడా దీనికి మరీ దూరమైనదేమీ కాదు. ప్రయర్ సినిమా వచ్చినప్పుడు ఆ అచ్చులో పోయడానికి ఏమీ దొరకలేదు. కథ చెబుదామంటే కథ లేదు. జోకులు చెబుదామంటే, కాగితం మీద పెట్టగానే అవి చచ్చిపోతున్నాయి. పైగా ఇది సినిమానా, సినిమాహాల్లో చూపించిన కచేరీయా అన్న సందేహం ఒకటి. స్టాండప్ కామెడీ సినిమాను ఎలా విమర్శించాలి అన్న ప్రశ్న అక్కడ గట్టిగా ఎదురైంది. నలభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మనల్ని వదల్లేదు. ఇప్పుడు ప్రతి నెలా ఓటీటీలో ఏదో ఒక భాషలో ఇలాంటి కార్యక్రమం వస్తోంది. వాటి మీద వచ్చే సమీక్షలు చాలావరకు జోకుల జాబితాలుగానే మిగులుతున్నాయి. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ ప్రసంగం.

ఈ సినిమాకు ముందు స్టాండప్ తెరకెక్కలేదా అంటే, ఎక్కింది. కమెడియన్ లెన్నీ బ్రూస్ ప్రదర్శన ఒకటి 1967లోనే సినిమాగా వచ్చింది. ప్రయర్‌దే 1971లో న్యూయార్క్‌లోని ఇంప్రావ్ క్లబ్బులో తీసినది ఒకటి ఉంది, అది చాలా ఏళ్ల తరవాత గాని బయటికి రాలేదు. అయినా మొదటి పూర్తి నిడివి స్టాండప్ సినిమాగా తరచు 1979 నాటి ఈ చిత్రాన్నే చెబుతారు. మొదటిది అవునా కాదా అన్న పేచీ నాకు ముఖ్యం కాదు. ఒక్క మనిషి మాటలు వినడానికి జనం టిక్కెట్టు కొని సినిమాహాలుకు వస్తారని, విమర్శకులు దాన్ని సినిమాగానే లెక్కకట్టక తప్పదని రుజువు చేసింది ఇదే.

ప్రయర్ ఎవరో నాలుగు మాటల్లో చెబుతాను. 1940 డిసెంబరు 1న ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో పుట్టాడు. నాయనమ్మ వేశ్యాగృహం నడిపేది. అక్కడే, ఆమె పెంపకంలోనే పెరిగాడు. కమెడియన్‌గా మొదట్లో బిల్ కాస్బీ దారిలో, ఎవరినీ నొప్పించని హాస్యం చేశాడు. అరవైల చివర ఆ వేషం వదిలేశాడు. తను పుట్టిన వీధిలో మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడటం మొదలుపెట్టాడు. తాగుబోతులు, పాస్టర్లు, పోలీసులు, చీకటి వ్యాపారాలు చేసేవాళ్లు, అందరూ అతని గొంతులోంచి వచ్చారు. డెబ్భైల నడుమ అతని రికార్డులకు ఉత్తమ హాస్య రికార్డుగా వరుసగా మూడుసార్లు గ్రామీ బహుమతి వచ్చింది. 1977 నవంబరులో గుండెపోటు వచ్చింది. 1978 జనవరి 1న ఇంట్లో గొడవపడి భార్య కారు మీద తుపాకి పేల్చాడు. ఈ రెండు సంఘటనలూ సినిమాలో ఉన్నాయి. రెండోదాని దగ్గరికి మళ్లీ వస్తాను.

రేడియోలో మాట్లాడుతున్నాను కనుక రికార్డుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. ఈ సినిమాలో చెప్పిన విషయాల్లో చాలా భాగం అంతకుముందే, 1978లోనే, రెండు డిస్కుల రికార్డుగా వచ్చింది. అంటే ఒకే విషయం చెవికి ఒక రూపంలో, కంటికి ఇంకో రూపంలో దొరుకుతుంది. స్టాండప్ సినిమాకు సినిమాగా ఏం విలువ ఉందో తేల్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పరీక్ష ఉండదు. రికార్డు వింటుంటే కొన్నిచోట్ల మాట ఆగిపోతుంది. ఏమీ వినిపించదు. అంతలో వేలమంది ఒక్కసారిగా పగలబడి నవ్వుతారు. వినేవాడికి ఏం జరిగిందో తెలీదు. ఆ ఖాళీలో ఏముందో సినిమా చూపిస్తుంది.

నాన్నతో కలిసి అడవికి వేటకు వెళ్లిన ఘట్టం చెబుతాడు ప్రయర్. లేళ్లు నీళ్లు తాగుతుంటాయి. ఆకుల మీద మనిషి అడుగు చప్పుడవుతుంది. ఇక్కడ ప్రయర్ లేడి అవుతాడు. మెడ సాచి, ఒక కాలు కొద్దిగా ఎత్తి, కళ్లు ఒక్క చోట నిలిపి, చెవులు నిక్కబొడుచుకున్నట్టు బిగుసుకుపోతాడు. ఒంట్లో ఒక్క నరం కదలదు. ముప్ఫై ఎనిమిదేళ్ల మగమనిషి ఎర్ర చొక్కాలో నిలబడి ఉన్నాడు, కాని అక్కడ ఉన్నది లేడే. హరికథలో దాసుగారు ఒక్కరే హనుమంతుడై, సీతై, రావణుడై మారిపోవడం చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. కాకపోతే దాసుగారికి పక్కన మృదంగం ఉంటుంది, చేతిలో చిడతలు ఉంటాయి, జనానికి ముందే తెలిసిన పురాణం ఉంటుంది. ప్రయర్‌కు ఉన్నదల్లా సొంత బతుకే.

గుండెపోటు ఘట్టం అయితే ఇంకా గొప్పది. అక్కడ గుండె ఒక పాత్ర. కరుకు గొంతుతో, వీధి రౌడీలా మాట్లాడుతుంది. ఊపిరి తీయొద్దంటుంది. పిడికిలితో తన ఛాతీని తానే గుద్దుకుంటూ ప్రయర్ నేల మీద పడిపోతాడు. చావు గురించి ఇప్పుడు ఆలోచిస్తున్నావు సరే, పంది మాంసం మెక్కేటప్పుడు ఎందుకు ఆలోచించలేదని గుండె నిలదీస్తుంది. అతను దొంగతనంగా దేవుడికి మొర పెట్టుకోబోతే అదీ పసిగట్టి ఇంకా గట్టిగా తంతుంది. కళ్లు తెరిచేసరికి అంబులెన్సులో చుట్టూ తెల్లమొహాలే కనిపిస్తాయి, చచ్చి పొరపాటున వేరే స్వర్గానికి వచ్చి పడ్డానేమో అనుకుంటాడు. కొట్టేవాడు, దెబ్బలు తినేవాడు, ప్రాధేయపడేవాడు, అందరూ ఒకే ఒంట్లో ఉన్నారు. ముఖం సగం నొప్పితో వంకరపోయి ఉంటుంది, మిగతా సగం బెదిరిస్తూ ఉంటుంది. నేల మీద దొర్లుతున్న మనిషి ఎవరి గొంతుతో మాట్లాడుతున్నాడో మనకు ఒక్క క్షణం కూడా అనుమానం రాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కుక్క ఘట్టం. ప్రయర్ పెంచుకున్న కోతులు రెండు చచ్చిపోతాయి. పెరట్లో కూర్చుని ఏడుస్తుంటాడు. పక్కింటి జర్మన్ షెపర్డ్ కుక్క రోజూ కంచె దూకి అతన్ని తరిమే కుక్క. అది వచ్చి, సంగతి కనుక్కుని, నొచ్చుకుని, ఓదారుస్తుంది. మనసు రాయి చేసుకోమంటుంది. వెళ్తూ వెళ్తూ, రేపటి నుంచి మాత్రం మళ్లీ తరుముతానని గుర్తుచేసి కంచె దూకుతుంది. జోకుగా చెబితే ఇంతే. కాని ప్రయర్ ఆ కుక్కను చేసేటప్పుడు తల పక్కకు వంచి, కళ్లలో పరామర్శకు వచ్చిన చుట్టం ముఖం పెడతాడు. శత్రువు దుఃఖంలో ఉంటే ఒక్కరోజు శత్రుత్వం పక్కన పెట్టడమనే మర్యాద ఆ ముఖంలో కనిపిస్తుంది. నవ్వుతూనే గొంతు పూడుకుపోతుంది.

ఇప్పుడు విమర్శకుల సంగతి. 'ది న్యూయార్కర్' పత్రికలో 1968 నుంచి 1991 దాకా రాసిన పాలీన్ కేల్ అమెరికాలో అందరికన్నా ఎక్కువ చర్చకు గురైన సినిమా విమర్శకురాలు. మొహమాటం ఎరగని మనిషి. తెర మీదికి ఎక్కిన ప్రదర్శనలన్నిటిలోకీ బహుశా ఇదే గొప్పదని ఈ సినిమాను గురించి రాసింది. ఆ పొగడ్త కన్నా దానికి ఆమె చూపించిన కారణం ముఖ్యం. ఆమె ప్రయర్‌ను సాటి కమెడియన్లతో పోల్చలేదు, చార్లీ చాప్లిన్‌తో పోల్చింది. చాప్లిన్ శరీరం దేశదిమ్మరిది. మూకీల కాలంలో ఆ శరీరంతోనే ప్రపంచాన్ని నవ్వించాడు. టాకీలు వచ్చాక నోరు విప్పితే పెద్దమనుషుల భాష వచ్చింది. ఒళ్లు ఒకచోట, గొంతు ఇంకోచోట ఉండిపోయాయి. ఒంటికి తగిన వీధి భాష దొరికి ఉంటే చాప్లిన్ ప్రయర్ లాంటివాడు అయ్యేవాడేమోనని ఆమె వాదన. ప్రయర్‌లో నడక, చూపు, బూతు, భయం అన్నీ ఒకే మట్టితో చేసినవి.

ఈ ఒక్క పోలికతో కేల్ సమీక్షకు కొత్త దారి వేసిందని నేను నమ్ముతాను. ఎందుకంటే అప్పటిదాకా ప్రయర్ గురించిన చర్చ ఎక్కువగా బూతుల చుట్టూ తిరిగేది. ఆ మాటలు అవసరమా, అనవసరమా, ఎన్నిసార్లు వాడాడు, కుటుంబంతో చూడొచ్చా. కేల్ ఆ గొడవను పక్కకు నెట్టి నటుణ్ణి చూసింది. ఆ భాష ఆ ఒంటికి అతికిందా లేదా అన్నదే ఆమెకు కావలసింది. స్టాండప్ సినిమాను సినిమాగా చూడటమంటే ఇదే.

నటన అన్నాను కనుక, నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ఒక సంగతి చెబుతాను. ఈ సినిమా వెనుక ఉన్న నిర్మాత బిల్ సార్జెంట్. నాటకాల్ని, కచేరీల్ని ఉన్నవి ఉన్నట్టు చిత్రించి సినిమాహాళ్లకు పంపడం అతని వ్యాపారం. అంతకు నాలుగేళ్ల ముందు, 1975లో, అతను ఇలాగే తెర మీదికి తెచ్చిన ఒక ఏకపాత్ర నాటకం ఉంది. 'గివ్ ఎమ్ హెల్, హ్యారీ!' అని పేరు. జేమ్స్ విట్‌మోర్ అనే నటుడు వేదిక మీద ఒక్కడే నిలబడి మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌గా నటించాడు. జనం ముందు ఆడుతున్న నాటకాన్నే కెమెరాలు పట్టాయి. ఆ పాత్రకు విట్‌మోర్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ పొందాడు. బహుమతి ఆ ఏడు జాక్ నికల్సన్‌కు వెళ్లింది.

అంటే వేదిక మీద ఒక్కడే నిలబడి చేసినదాన్ని సినిమా నటనగా గుర్తించడానికి ఆస్కార్ వాళ్లకు అభ్యంతరం లేదు. విట్‌మోర్ ఒక్క పాత్ర వేశాడు. ప్రయర్ లాంగ్ బీచ్‌లో ముప్ఫై నలభై పాత్రలు వేసి ఉంటాడు, అందులో జంతువులున్నాయి, గుండెకాయ ఉంది. కాని ప్రయర్‌కు నామినేషన్ రాలేదు. ట్రూమన్‌లా మాట్లాడితే నటన, పియోరియా వీధి మనుషుల్లా మాట్లాడితే స్వభావం. నల్లజాతి నటుడు తన మనుషుల్ని తెర మీద చూపిస్తే, అందులో సాధన ఏముంది, వాళ్లు అలాగే ఉంటారు కదా అన్న ధోరణి ఆ రోజుల్లో బలంగా ఉండేది. మన దగ్గరా పల్లె యాసలో అద్భుతంగా నటించినవాళ్లను సహజంగా చేశాడు అని ఒక్క మాటతో సరిపెట్టి వదిలేస్తాం. ఆ సహజత్వం వెనుక ఎంత సాధన ఉందో అడగం. ప్రయర్ ఈ కార్యక్రమాన్ని ఊరూరా ఆడాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మైకు దించాలో, ఏ మాట దగ్గర మోకాలు వంచాలో వందల మంది ముందు, వేల మంది ముందు తేల్చుకున్నాడు. అదంతా పోగై లాంగ్ బీచ్‌లో మనకు కనిపించింది.

దర్శకుడు జెఫ్ మార్గోలిస్ టీవీ నుంచి వచ్చినవాడు. అతన్ని గురించి విమర్శకులు పెద్దగా రాయలేదు, రాయడానికి ఏముందనుకున్నారేమో. నా ఉద్దేశం వేరు. మార్గోలిస్ చేసిన మేలు, కెమెరాను అతిగా కదపకపోవడం. ప్రయర్ లేడిగా నిలబడినప్పుడు తల నుంచి పాదం దాకా కనిపిస్తాడు. ముఖంలోనే అంతా ఉన్న క్షణంలో దగ్గరికి వెళ్తుంది. ఈ కాలపు స్టాండప్ కార్యక్రమాల్లో రెండు సెకన్లకొకసారి కోణం మారుస్తారు, ప్రతి జోకు తరవాతా ఎవరో ఒకరు నవ్వుతున్న ముఖం చూపిస్తారు. నటుడి ఒళ్లు పాత్ర మారే క్షణంలోనే కత్తెర పడుతుంది. మార్గోలిస్ అలా చేసి ఉంటే ఈ రోజు మనం ఈ సినిమా గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

జనాన్ని అతను అసలు చూపించలేదని కాదు. వాళ్లు ఈ సినిమాలో పాత్రధారులే. ప్రయర్ వేదిక మీదికి వచ్చేసరికి జనం ఇంకా విరామం నుంచి తిరిగొచ్చి సీట్లు వెతుక్కుంటున్నారు. అతను వాళ్లతోనే మొదలుపెడతాడు. తెల్లవాళ్లు తిరిగొచ్చేసరికి వాళ్ల సీట్లలో నల్లవాళ్లు కూర్చుని ఉన్నారని, అడగలేక అడుగుతున్నారని, రెండు గొంతుల్లోనూ చెబుతాడు. హాలంతా నవ్వుతుంది, తెల్లవాళ్లు కూడా. ఎవరి సీట్లో ఎవరు కూర్చున్నారన్నది అమెరికా చరిత్రలో చిన్న సంగతి కాదు. బస్సుల్లో, హోటళ్లలో సీట్ల కోసమే ఉద్యమాలు జరిగిన దేశం అది. అప్పటికి పదిహేనేళ్ల కిందటి దాకా ఆ దేశంలో ఎన్నో ఊళ్లలో ఈ రెండు జాతులవాళ్లూ ఒకే హాల్లో పక్కపక్కన కూర్చోవడానికే వీల్లేదు. ఆ చరిత్రనంతా అతను మొదటి నిమిషాల్లోనే హాల్లోకి తెచ్చాడు, ఆ మాట పైకి అనకుండానే.

దీనికి జోడుగా నడిచే ఇంకో ఘట్టం ఉంది. దాన్ని 1979లో చదివిన తీరు ఒకటి, ఇప్పుడు చదివే తీరు ఇంకొకటి. పోలీసులు నల్లవాళ్ల మెడ చుట్టూ చేయి బిగించి పట్టే పట్టు గురించి ప్రయర్ చెబుతాడు. ఎలా పడతారో, ఎలా ప్రాణం పోతుందో, పోయాక ఎలా బిత్తరపోయినట్టు నటిస్తారో చేసి చూపిస్తాడు. నల్లవాళ్లకు ఇది తెలిసిందేనని, తెల్లవాళ్లు మాత్రం ఇలా జరుగుతుందని మాకు తెలీదే అంటారని చెబుతాడు. హాలు నవ్వుతుంది.

లాంగ్ బీచ్ లాస్ ఏంజెలిస్ పక్క ఊరే. ఆ లాస్ ఏంజెలిస్‌లోనే 1976 అక్టోబరులో ఏడాల్ఫ్ లయన్స్ అనే ఇరవై నాలుగేళ్ల నల్లజాతి యువకుణ్ణి కారు వెనక లైటు వెలగడం లేదని ఆపి, స్పృహ తప్పేదాకా పోలీసులు మెడ నొక్కారు. అతను కోర్టుకు వెళ్లాడు. 1983లో అమెరికా సుప్రీం కోర్టు, అతనికి మళ్లీ ఇలాగే జరుగుతుందని రుజువు లేదు కనుక ఆ పట్టును ఆపించమని అడిగే అర్హత లేదని స్వల్ప ఆధిక్యంతో తీర్పిచ్చింది. 2020లో మినియాపొలిస్ వీధిలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు మోకాలు మోపి ప్రాణం తీసిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడు, 2021లో, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తన జాతీయ చలనచిత్ర పట్టికలో ప్రయర్ సినిమాను చేర్చింది. సంస్కృతి పరంగా, చరిత్ర పరంగా, కళాపరంగా విలువైనవని ఏటా 25 చిత్రాలను అలా ఎంచుతారు. ఆ ఏడు అదే పట్టికలో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం కూడా ఉంది. కోట్ల డాలర్లతో కట్టిన కల్పిత లోకం పక్కన, ఒక మనిషీ ఒక మైకూ.

ఇప్పుడు చూసేవాళ్లకు ఆ మెడ పట్టు ఘట్టం దగ్గర నవ్వు ఆగిపోతుంది. ప్రయర్ విఫలమైనందువల్ల కాదు. అతను చెప్పినది సాక్ష్యం అని ఆలస్యంగా అర్థమైనందువల్ల. హాస్యం మీద వచ్చే విమర్శను ఒక్కసారి రాసి మూసేయకూడదని నేను అనేది ఇందుకే.

అదే న్యాయం ప్రయర్‌కు వ్యతిరేకంగానూ వర్తించాలి. కారు మీద తుపాకి పేల్చిన సంగతికి వస్తానన్నాను. సినిమాలో అది గొప్పగా నవ్వించే ఘట్టాల్లో ఒకటి. కారు టైర్లకు, ఇంజనుకు ప్రాణం పోస్తాడు, అవి మూలుగుతూ చస్తాయి. పోలీసులు రాగానే ఇంట్లోకి వెళ్తాడు, ఎందుకంటే పోలీసులు కార్లను చంపరు, నల్లవాళ్లను చంపుతారు. ఆ చివరి మలుపు నిజంగా పదునైనది. కాని ఆ ఘట్టంలో భార్య ఎక్కడ ఉంది? కారుకు గొంతు ఇచ్చాడు, ఆమెకు ఇవ్వలేదు. భయంతో వణికిపోయి ఉండవలసిన మనిషి కథలో కనిపించదు. నవ్వు ఆగాక నన్ను పట్టుకునే ప్రశ్న అది. ఈ లోపం చెప్పినంత మాత్రాన సినిమా గొప్పతనం తగ్గదు. చెప్పకపోతే మాత్రం విమర్శ నిజాయితీ తగ్గుతుంది.

నాయనమ్మ కొట్టిన దెబ్బల ఘట్టంలో అలా కాదు. బరికె విరుచుకురమ్మని పిల్లాడినే చెట్టు దగ్గరికి పంపుతుంది. ఏడుస్తూ తన దెబ్బల కోసం తానే బరికె ఎంచుకునే పిల్లవాణ్ణీ, కొడుతూ ఒక్కో దెబ్బకు ఒక్కో మాట అనే ముసలమ్మనూ, ఇద్దర్నీ అతను సమానమైన ప్రేమతో చేస్తాడు. ఇద్దరిలోకీ పూర్తిగా ప్రవేశించాడు కనుక ఆ ఘట్టానికి వయసు మీద పడలేదు.

తరవాత కథ తొందరగా చెబుతాను. 1980 జూన్ 9న ప్రయర్ ఒంటికి మంటలంటుకున్నాయి. కొకైన్ మత్తులో ఉన్నాడు. ఒళ్లు చాలాభాగం కాలింది, బతకడం అందరికీ ఆశ్చర్యమే. 1982లో 'లైవ్ ఆన్ ద సన్‌సెట్ స్ట్రిప్' వచ్చింది. హాలీవుడ్‌లోని పలాడియంలో, ఈసారి నిలువెల్లా ఎర్ర సూటులో. మంటల సంగతిని మొదట పాలూ బిస్కెట్టూ కలిస్తే పేలిందని చిన్నపిల్లల కథలా చెప్పి, తరవాత కొకైన్ గొట్టం తనతో మాట్లాడిన తీరు చెబుతాడు. ఆఫ్రికాలో కెన్యాకు వెళ్లి వచ్చాక, తన జాతిని అవమానించే ఆ మాటను ఇక నోట పలకనని కూడా ఆ వేదిక మీదే చెప్పాడు. దాన్ని తన రికార్డు పేరులోనే పెట్టుకున్న మనిషి అలా అనడం చిన్న విషయం కాదు.

విమర్శకులు ఈ రెండో సినిమాకు బ్రహ్మరథం పట్టారు. షికాగో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకు నాలుగు నక్షత్రాలూ ఇచ్చాడు. చావు అంచుకు వెళ్లి వచ్చిన మనిషి మన ముందు నిలబడి మాట్లాడుతుంటే ఎవరికి మాత్రం మనసు కరగదు! కాని కేల్ దృష్టిలో ప్రయర్ తారస్థాయి మొదటి సినిమాయే. నేను ఆమె పక్షాన ఉన్నాను. కొకైన్ గొట్టం ఘట్టం నటనగా అద్భుతమే. మిగతా చోట్ల మాత్రం జనం అతన్ని ప్రేమించడానికి ముందే సిద్ధపడి వచ్చారు, అతనికి అది తెలుసు. లాంగ్ బీచ్‌లో ప్రతి నవ్వూ కష్టపడి సంపాదించుకున్నాడు. తరవాతి కాలంలో ప్రయరే, ఆ మంటలు ప్రమాదం కాదని, తనకు తాను నిప్పంటించుకున్నానని చెప్పుకున్నాడు. పూర్తి ఒప్పుకోలుగా అందరూ మెచ్చుకున్న ఘట్టంలో అసలు ముల్లు లోపలే ఉండిపోయిందన్నమాట. వేదిక మీద చెప్పిన సొంత కథను నిజం కొలతతో కొలవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రదర్శనను ప్రదర్శనగానే చూడాలి, ఒప్పుకోలుకు వేరే మార్కులు వేయకూడదు.

ఇతర కమెడియన్ల సినిమాలకు వస్తే, 1987లో ఎడ్డీ మర్ఫీ 'రా' వచ్చింది. సుమారు 5 కోట్ల డాలర్లు వసూలు చేసింది, స్టాండప్ సినిమాల్లో ఆ స్థాయి వసూళ్లు ఇంకెవరికీ రాలేదు. ఆడవాళ్ల మీద వేసిన జోకుల్లో పగ ఉందని చాలామంది విమర్శకులు అప్పుడే అన్నారు. మర్ఫీ ప్రయర్‌ను గురువులా తలచేవాడు. అంతకు ముందు 1983లో బిల్ కాస్బీ 'హిమ్‌సెల్ఫ్' వచ్చింది, కుర్చీలో కూర్చుని పిల్లల్ని పెంచడం గురించి చెప్పిన సినిమా. అది దశాబ్దాల పాటు కమెడియన్లకు పాఠ్యపుస్తకంలా ఉండేది. కాస్బీ మీద లైంగిక దాడి ఆరోపణలు వెల్లువెత్తాక, 2018లో కోర్టు శిక్ష వేశాక, 2021లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేశాక కూడా, ఆ సినిమాను మునుపటి కళ్లతో చూడటం నాకైతే కుదరదు. ఇంటిపెద్ద అన్న ఆ పాత్ర మీద నమ్మకమే ఆ హాస్యానికి పునాది.

చివరగా ఈ కాలపు ఉదాహరణ ఒకటి. 2018లో హన్నా గాడ్స్‌బీ 'నానెట్' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చెందిన గాడ్స్‌బీ, సిడ్నీ ఒపేరా హౌస్ వేదిక మీద నిలబడి, జోకు ఎలా పనిచేస్తుందో విప్పి చూపించారు. ముందు వినేవాళ్లలో ఉద్రిక్తత పుట్టించాలి, తరవాత నవ్వుతో దాన్ని దించాలి. బస్సు స్టాపులో ఒకడు తన మీదికి వచ్చిన సంఘటనను మొదట జోకుగా చెప్పి నవ్వించారు. చివరికి వచ్చాక, నవ్వు కోసం తాను దాచిన భాగం చెప్పారు. వాడు నిజంగానే కొట్టాడు. ఈసారి ఉద్రిక్తతను దించలేదు, దాన్ని వినేవాళ్లకే వదిలేశారు.

విమర్శకులు చాలామంది తలకెత్తుకున్నారు. కొందరు మాత్రం ఇది స్టాండప్ కాదు, ఉపన్యాసం అన్నారు. నాకు ఆ అభ్యంతరం సరైనదిగా అనిపించలేదు. ప్రయర్ కోతుల కోసం ఏడ్చినప్పుడు అది స్టాండప్ అయినప్పుడు, గుండె తన్నుతుంటే నేల మీద దొర్లినప్పుడు స్టాండప్ అయినప్పుడు, నవ్వు ఆపడం కూడా ఈ కళలో భాగమే. ఎటొచ్చీ ఎప్పుడు, ఎంతసేపు ఆపాలన్నది విద్య. గాడ్స్‌బీకి ఆ విద్య ఉంది. బస్సు స్టాపు కథను రెండుసార్లు చెప్పినప్పుడు గొంతు స్థాయి ఎక్కడ మారిందో, మొదటిసారి చేతులతో చేసిన సైగ రెండోసారి ఎందుకు చేయలేదో గమనించి రాసిన సమీక్షలు తక్కువ. అభిప్రాయం మీద వాదనలే ఎక్కువ వచ్చాయి. 2019లో 'నానెట్'కు ఎమ్మీ బహుమతి వచ్చింది, అది రచనకు. వేదిక మీద నిలబడి చేసినదానికి ఏ పేరు పెట్టి బహుమతి ఇవ్వాలో పెద్దలకు అప్పటికింకా తేలలేదు.

ప్రయర్‌కు 1986లో నరాలకు సంబంధించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నట్టు తేలింది. లేడిగా, కుక్కగా, గుండెగా మారిన ఆ ఒళ్లు క్రమంగా అతని మాట వినడం మానేసింది. అమెరికన్ హాస్యానికి ఇచ్చే మార్క్ ట్వేన్ బహుమతిని 1998లో ప్రారంభించినప్పుడు మొట్టమొదట అతనికే ఇచ్చారు. 2005 డిసెంబరు 10న కన్నుమూశాడు. లాంగ్ బీచ్ సినిమా దొరికితే చూడండి. భాష చాలా కటువుగా ఉంటుంది, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. చూశాక ఎవరికైనా దాని గురించి చెప్పాలనిపిస్తే, అతను ఏమన్నాడో చెప్పే ముందు ఎలా నిలబడ్డాడో చెప్పండి.